డెబ్బై ఎనిమిది చుట్ల పాట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం. ప్రొద్దుటూరు బజారులో నాకు గ్రామఫోన్లు, గడియారాలు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. పులివెందుల నుంచి కూడా పెట్టెలు నా దగ్గరికే వచ్చేవి కాబట్టి నా పనితనం మీద నాకు కొంచెం ఎక్కువ నమ్మకమే ఉండేది. జమ్మలమడుగు సత్యానందం సారు ఒక్క పాటతో దాన్ని దించాడు.

సారు అక్కడి మిషన్ బడిలో టీచరు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. ఆయన తెచ్చిన గ్రామఫోన్‌లో మెయిన్ స్ప్రింగ్, అంటే కీ ఇచ్చినప్పుడు చుట్టుకునే ఉక్కుపట్టీ, తెగిపోయింది. అది మార్చాను. అంతటితో ఊరుకోవలసింది. లోపల గవర్నర్ కూడా చూశాను. ప్లేటు ఒకే వేగంతో తిరిగేలా పట్టి ఉంచే భాగం అది. గ్రీజు ఎండి బంకలా పట్టేసింది. ఆయన అడగకపోయినా కడిగి, నూనె వేసి, రికార్డు కింద కాగితం ముక్క దోపి చుట్లు లెక్కపెట్టి, నిమిషానికి డెబ్బై ఎనిమిదికి సరిచేసి పంపాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

నాలుగో రోజు సారు మళ్లీ బస్సు దిగాడు. వెంట పెట్టెను నెత్తిన పెట్టుకుని అక్కడి మిషన్ ఆసుపత్రి కాంపౌండర్ యోనా. బృందంలో అందరికన్నా లోతైన గొంతు అతనిదే.

“ఏంది మస్తానూ, పాటను ఇట్లా చేసినావు?”

“ఏమైంది సార్? బాగనే తిరగతాంది గదా.”

“అదే వచ్చిన తంటా. నువ్వే ఇను.”

యుద్ధానికి ముందు ఆసుపత్రిలో పనిచేసిన జర్మనీ డాక్టరమ్మ వదిలిపోయిన రికార్డు అది. ఓ ముప్పై గొంతులు ఒక్కసారిగా లేచి, భోజనాలకు పిలుపు వచ్చినట్టు హుషారుగా పరుగెత్తాయి. పక్కంగడి వాళ్లు తలలూపారు. నా వేళ్లు నాకు తెలియకుండానే బల్లమీద తాళం వేశాయి.

“ఆపప్పా,” అన్నాడు సారు. “ఇది సమాధి కాడ పాడే పాట.”

అప్పుడు అసలు సంగతి తెలిసింది. రికార్డు మీది జర్మన్ ఎవరికీ చదవడం రాదు. పాటను వాళ్లు విన్నది ఎప్పుడూ ఆ బంక పట్టిన యంత్రంలోనే. అది ఈడ్చుకుంటూ దుఃఖంగా వినిపించేసరికి, సారు దానికి మట్టి, కన్నీళ్లు, సెలవు అంటూ తెలుగులో మాటలు కట్టాడు. పదిహేనేళ్లుగా ఆ పాట లేకుండా వాళ్లలో ఒక్క శవం లేవలేదు.

రికార్డు మీద అచ్చువేసిన 78 అంకె చూపించాను. సారు చేతిగడియారం పెట్టుకుని తానే చుట్లు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ప్లేటు నిదానిస్తే వేగమే కాదు, శృతి కూడా దిగుతుందని చెప్పాను. హార్మోనియం లెక్కలో నాలుగో శృతి పాట వాళ్ల చెవికి రెండో శృతిలో చేరింది.

“అయితే ఇన్నేండ్లూ తప్పు పాడినామా?” అన్నాడు. ఆయన మొహం చూస్తే నాకే కష్టమనిపించింది. “ఆదివారం ఆ డాక్టరమ్మ చెల్లెలు జర్మనీ నుంచి వస్తాంది. ఆమె ముందర ఇదే పాడాలని మూడు నెలలుగా రుద్దతాండాం. ఇప్పుడేం పాడాల?”

“ఈ వేగంలోనే పాడండి సార్.”

యోనా అక్కడికక్కడే ప్రయత్నించాడు. రెండో పాదానికి గొంతు చీలిపోయింది. బయట కట్టేసిన మేక తలెత్తి చూసింది.

“పాత మాదిరే చెడగొట్టియ్యి,” అన్నాడు సారు.

నాకు రోషం వచ్చింది. “బాగైన మిషన్ను చెడగొట్టేది నా చేత కాదు సార్. ఈ రెగ్యులేటర్ పుల్ల తిప్పుకోండి, నిదానంగా పోతాది.”

“సిగ్గు పోతే సగం నీది. ఆదివారం నువ్వూ రావాల.”

జమ్మలమడుగు చర్చికి వెళ్లాను. వాళ్లు నిదానంగానే, తెలుగు మాటలతోనే పాడారు. తెల్లజుట్టు జర్మనీ అమ్మ కర్చీఫ్ తీసింది. అయిపోయాక ఆమె అన్నది ఆసుపత్రి డాక్టరుగారు తెలుగులో చెప్పాడు. “ఇంత గొప్ప పాట ఎప్పుడూ వినలేదట. మీ దేశపు పాత పాటా అని అడుగుతున్నారు.”

అవునంటే అయిపోయేది. అనమని కళ్లతోనే బతిమాలాను. సారు తలవంచుకున్నాడు. “మస్తానూ, రికార్డు పెట్టు. నీ లెక్క ప్రకారం పెట్టు.”

పెట్టాను. మొదటి పాదం పూర్తికాకముందే ఆమె పకపకా నవ్వింది. కాలితో తాళం వేస్తూ చివరిదాకా తనూ పాడింది. కోతలైన రోజున దేవుడికి కృతజ్ఞత చెప్పే పాటట. అక్కా తనూ గడ్డిబండి మీద కూర్చుని గొంతెత్తి పాడేవాళ్లట. సారు కుర్చీలో కుంగిపోయాడు.

ఆమె తర్వాతి మాటలను డాక్టరుగారు మెల్లగా చెప్పాడు. “పోయినేడు అక్కగారు చనిపోయారట. ఆమె సమాధి దగ్గర పాడడానికి తనకు పాట దొరకలేదట. ఇందాక పాడినట్టే ఆమె కోసం ఇంకోసారి పాడమంటున్నారు.”

పాడారు. ఆ రోజు యోనా గొంతు విన్నవాళ్లు మరచిపోరు. మా మతం వేరు, ఆ మాటలూ నావి కావు, అయినా ఏడ్చాను.

నేను బయలుదేరేముందు సారు రెగ్యులేటర్ దగ్గర రెండు గీతలు గీయించుకున్నాడు, డెబ్బై ఎనిమిదికి ఎర్రది, వాళ్లు పాడే వేగానికి సరిపోయిన అరవై ఆరుకు నల్లది. “కోతలకు ఎర్రది, సావుకు నల్లది,” అని బృందానికి చెప్పాడు.

అప్పటి నుంచి ఎవరు పెట్టె తెచ్చినా, గవర్నర్ ముట్టుకునే ముందు వాళ్లు రోజూ వినే పాట ఒకటి నాకు వినిపించమంటాను. యంత్రం లెక్క నాకు తెలుసు, వాళ్ల చెవి లెక్క వాళ్లనే అడగాలి.

కొన్నేళ్లకు సారు పోయాడు. నేను వెళ్లేసరికి సమాధి దగ్గర బృందం గుసగుసలాడుతోంది. సారు రాసిపెట్టిన చీటీ యోనా నా చేతిలో పెట్టాడు. “నాకు ఎర్రగీత” అని ఒక్క ముక్క. పాడారు. రెండో పాదంలో యోనా గొంతు చీలింది, సారు భార్యతో సహా అందరం నవ్వాం.