కంటిమేస్త్రి నీలం

అద్దకం కార్ఖానాలో అందరూ ఆయన్ని కంటిమేస్త్రి అనేవారు. ముప్పై రెండేళ్లుగా ఏ గుడ్డకు రంగు కుదిరిందో, దేనికి కుదరలేదో తేల్చేది ఆయన కళ్లే. నర్సుల యూనిఫారాల నీలమైతే మరీ కొట్టినపిండి. కొనేవాళ్లు ఇచ్చిన అసలు నమూనా ముక్క బీరువాలో ఉంది. పదేళ్లుగా దాన్ని బయటికి తీయలేదు. "కన్నబిడ్డను గుర్తుపట్టడానికి ఫొటో చూసుకుంటామా?" అనేవాడు. మాట బాగుంది. ఇలాంటి బాగున్న మాటలే కొంపలు ముంచుతాయి.

'నీలం ఎక్కువైంది' అంటూ వరసగా రెండు లాట్లు వెనక్కి వచ్చాయి. యజమాని రంగు కొలిచే యంత్రం కొన్నాడు, దాన్ని నడపడానికి మేస్త్రి మేనకోడలినే పెట్టుకున్నాడు. మూడో లాటు కూడా తప్పితే రంగు ఖాయం చేసే సంతకం ఇక మేస్త్రిది కాదని మొహం మీదే చెప్పేశాడు.

యంత్రం చూడటానికి కుట్టుమిషనంత. ముందువైపు బొత్తామంత రంధ్రం. దానికి గుడ్డ ఆనిస్తే తెల్లటి వెలుగు పడుతుంది. గుడ్డ కొంత మింగేసి, మిగతాది తిప్పికొడుతుంది. ఆ తిరిగొచ్చిన వెలుగును ఊదా నుంచి ఎరుపు దాకా సన్నని పాయలుగా విడదీసి, ఏ పాయ ఎంత మిగిలిందో యంత్రం లెక్క చెబుతుంది. అంతే, మహిమేమీ లేదు.

మొదటిరోజు పొద్దున్నే మేనకోడలు ఓ తెల్లటి పింగాణీ పలక తీసి రంధ్రానికి ఆనించింది.

"ఏమిటే, ముస్తాబు చేస్తున్నావా దానికి?"

"తెలుపు చూపిస్తున్నా మామయ్యా. లోపలి దీపం పాతబడుతూ ఉంటుంది. తెలుపంటే ఇదీ అని రోజూ గుర్తుచేయకపోతే తప్పుడు లెక్క చెబుతుంది."

"ఇంత డబ్బు పోసి మతిమరుపుదాన్ని తెచ్చారన్నమాట! నాకెవరైనా రోజూ తెలుపు చూపించారా?"

"అదేగా నా భయం."

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు.

ఆమె బీరువాలోంచి అసలు ముక్క తీసింది. ఆరేళ్లుగా ఆయన ఖాయం చేసిన ముక్కలన్నీ అదే చీకటి అరలో ఉన్నాయి, వెలిసిపోయే ప్రశ్నే లేదు. ఒక్కొక్కటే కొలిచింది. మొదటి మూడేళ్లవి అసలుకు అతికినట్టున్నాయి. తర్వాతివి ఏటికేడాది నీలంవైపు జరిగాయి. అజాగ్రత్త మనిషి తప్పులు చెల్లాచెదురుగా ఉంటాయి. ఇవి వరస కట్టి నడుస్తున్నాయి.

"చెయ్యి తప్పితే ఇలా ఉండదు మామయ్యా. నీ కంట్లో పసుపు కమ్ముతోంది. వెనకటి నీలం కనబడాలని ఏటా ఇంకాస్త పోస్తున్నావు."

"నా కళ్లకే వంక పెడతావా? ఎన్ని గుండెలే నీకు!"

"ఒకటే. నీ చెల్లెలి దగ్గర్నుంచి వచ్చింది."

అందరికంటే పాత ముక్క, అందరికంటే కొత్త ముక్క కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా ఏమీ లేదు. బాయిలరు మనిషిని కేకేశాడు.

"ఒరే, ఈ రెండూ ఒకటేనా?"

"ఆటపట్టిస్తున్నారా మేస్త్రీ? రెండోది ఇంకు సీసాలో ముంచినట్టుంది!"

మేస్త్రి రెండు ముక్కలూ చేతపట్టుకున్నాడు. తిన్నగా యజమాని గదికి వెళ్లాడు. "మూడో లాటు ఆపండి. తప్పు నాదే. కళ్లు చూపించుకుని వస్తా." యజమాని క్యాలెండరు వైపు చూశాడు. "రెండు నెలలు ఆగుతా," అన్నాడు.

రెండు కళ్లలోనూ శుక్లాలే. ఆపరేషన్లయ్యాక ఇంటికొచ్చి భార్యమీద ఎగిరాడు. "ముందుగదికి ఈ రంగు ఎప్పుడు వేయించావు? నాతో ఒక్క మాటైనా అనకుండా!"

"రెండేళ్లయింది. డబ్బా మోసుకొచ్చింది తమరే."

మూడో లాటుకు మేస్త్రి ముందుగా అసలు ముక్క అడిగి పుచ్చుకున్నాడు. రంగు కలిపి, అద్దించి, ఆరాక చూసి, "ఎరుపు చాయ వెంట్రుకవాసి తక్కువ," అన్నాడు. యంత్రం తక్కువేనంది, కానీ వెంట్రుకవాసి కాదు, ఆయన అనుకున్నదానికి రెట్టింపు. గొణుక్కుంటూనే సరిచేశాడు. కార్డుమీద ఆమె కొలత రాసింది, కింద ఆయన సంతకం పెట్టాడు.

ఆ లాటు వెనక్కి రాలేదు. కొనేవాళ్లనుంచి ఆ కబురు తెచ్చిన యజమానిని మొహమెత్తి చూసే తీరిక కూడా మేస్త్రికి లేకపోయింది. మిగతా పద్నాలుగు రంగుల నమూనాలూ బల్లమీద పరుచుకుని కూర్చున్నాడు.

"రావే," అన్నాడు మేనకోడలితో, "ఈ ఆకుపచ్చను ఇన్నేళ్లూ నేనేం చేశానో చూద్దాం."