ఎడమచేతి కట్టె

మా అత్త పోయింది. మొన్న పొద్దున చెరకుకు నీళ్లు పెట్టించి వచ్చి, అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు అడిగింది. నేను తెచ్చేలోపే పోయింది. వార్త విని వచ్చిన వాళ్లంతా "దేవత లాంటి మనిషి" అన్నారు. అబద్ధం. ఇన్నేళ్లు ఆమెతో ఒకే పొయ్యి దగ్గర బతికినదాన్ని, నాకు తెలియదా? మా ఇద్దరికీ ఒక్కనాడూ పడలేదు. నా కూరలో ఉప్పు ఆమెకు ఎక్కువ, ఆమె మాటలో కారం నాకు ఎక్కువ.

మామ చిన్న వయసులోనే చనిపోతే, బోధన్ పక్కన చెరకూ పసుపూ పండే పొలాన్ని ఆమె ఒక్కతే నిలబెట్టింది. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరి పొలం ముఖం చూడటం మానేశాడు. మామ తమ్ముడు, అంటే మా చిన్నమామ, మాత్రం ఆ పొలం మీద కన్నేసి ఉన్నాడు. "వదినా, నువ్వు ఇంట్ల కూసోరాదు, నేను సూసుకుంట" అని ఊరికే వచ్చిపోయేవాడు. అతను గడప దాటగానే అత్త అనేది: "నేను కూసున్ననాడు వాడు లేస్తడు."

అలాంటి మనిషికి కుడి మోకాలు పట్టేసింది. గొంతుక్కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నది లేవలేకపోయింది. చిన్నమామకు ఎంత ఆత్రమో! మరునాడే జీడి పెట్టేవాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. వాడు జీడిగింజ కాల్చి మోకాలి చుట్టూ చుక్కలు పెట్టాడు. తోలు కాలి పుండ్లు పడ్డాయి, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ పుండ్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నేనే ఆమెను బస్సెక్కించి నిజామాబాద్ తీసుకుపోయాను. ప్రేమతో అనుకోకండి. ఆమె కూర్చుంటే పొలం చిన్నమామ చేతికి పోతుంది, నా పిల్లలు ఏం తినాలి?

డాక్టరు ఆమెను నిలబెట్టి రెండు మోకాళ్లకూ ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, నన్ను దగ్గరికి పిలిచి మోకాలి ఎముకలు చూపించాడు.

"గీ రెండు బొక్కల నడుమ సందుండాలె. ఆడ మెత్తటి పొర ఉంటది, అది ఫోటోల కనపడది. అది అరిగితే సందు తగ్గుతది. లోపలి దిక్కు సూడు, సందే లేదు. అంచులకు ముండ్ల లెక్క లేసినయి గద, అది బొక్క పెరిగింది."

"ఎడమ మోకాలు గూడ గట్లనే ఉంది గద సార్, అది నొస్తలేదేంది?" అన్నాను.

"ఫోటో ఎంత చెడ్డగుంటే అంత నొయ్యాలని ఏం లేదమ్మా. నేను ఫోటోకు మందియ్య, మనిషికిస్త."

"కోస్తరా?" అంది అత్త. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదలు.

"కొయ్య. దీనికి కోసుడు అక్కెర లేదు."

అరిగింది తిరిగి రాదట. కానీ తొడ కండ గట్టిపడితే మోకాలికి ఆసరా అవుతుందట. మంచం మీద కూర్చుని, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని, కాలు చాపి కాసేపు ఆపి దించాలి. గొంతుక్కూర్చోవద్దు. ఒళ్లు తగ్గాలి. వేడి కాపడం పెట్టుకోవాలి. నొప్పి ఎక్కువైననాడే, అదీ అన్నం తిన్నాకే, గోలీ వేసుకోవాలి. చివరగా, నడిచేటప్పుడు ఊతకట్టె ఎడమచేత్తో పట్టుకోవాలన్నాడు.

"నొచ్చేది కుడికాలు. డాక్టరు సాబుకు కుడేదో ఎడమేదో ఎర్కలేదా?" అని అత్త లేచింది.

డాక్టరు కసిరాడు. కుడిచేత్తో ఓసారి, ఎడమచేత్తో ఓసారి నడిపించాడు. నొచ్చే కాలూ కట్టే ఒక్కసారే ముందుకు పడాలని, అప్పుడే మోకాలి బరువు కొంత కట్టె మీదికి పోతుందని చూపించాడు. ఎడమచేత్తోనే సులువైందని ఆమె ముఖం చెప్పింది. నోరు చెప్పలేదు.

ఊరికి వచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. అత్త మోకాలికి ఎక్స్‌రే మిషనుతో కరెంటు పెట్టించుకుని వచ్చిందని వాడంతా పాకింది. ఆమె కూడా నమ్మింది. నొప్పి తక్కువైందని ఇసుక సంచి మూలకు విసిరేసింది. నొప్పి తిరగబెట్టగానే "కరెంటు దిగింది, మళ్ల పెట్టియ్యి" అని నా ప్రాణం తీసింది.

"అది ఫోటో అత్తా! బువ్వ ఫోటో తీస్తే కడుపు నిండుతదా?" అని అరిచాను.

అత్త తెల్లారి ఇసుక సంచి తానే కట్టుకుంది. కాలు లేపిన ప్రతిసారీ నాకో తిట్టు. బియ్యం తగ్గిస్తే, కోడలు కడుపు మాడుస్తోందని ఊరంతా చాటింది. పసుపు ఏరడానికి స్టూలు వేయిస్తే చిన్నమామ "దొరసాని" అని నవ్వాడు. ఆమె స్టూలు మీంచే అతను పండించిన పసుపు కొమ్ములన్నీ పుచ్చులేనని తేల్చి చెప్పింది.

ఆరు నెలలు తిరగకముందే చెరకు గట్టు ఎక్కింది. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఆమెను ఇంట్లో కూర్చోబెట్టలేకపోయింది. అప్పుడు నా మీద పడింది. "నన్ను లేపినవు గద, ఇగ నువ్వు గూడ నడువు" అని వెంట తిప్పింది. నీళ్లు ఏ మడికి ఎప్పుడు మళ్లించాలో, పసుపుకు కుళ్లు ఎట్లా మొదలవుతుందో, అన్నీ తిడుతూనే చెప్పింది. ఆ తిట్లలోనే నాకు సేద్యం వచ్చింది. ఒక్క మంచి మాట అనని ఆ మనిషికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఇది రాస్తుంటే కూడా ఆమె మీద కోపమే వస్తోంది, చెంబెడు నీళ్లు తాగేదాకా ఆగలేదని.

ఈ పొద్దున పొలానికి పోయాను. మొన్నటి తడికి గట్టు మెత్తబడి, మళ్లీ ఎండి గట్టిపడింది. ఆమె అడుగులు ఆ చివరిదాకా ఉన్నాయి. అడుగుల ఎడమపక్కన కట్టె దిగిన గుంతలు. చిన్నమామ నాకంటే ముందే వచ్చి గట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"నీకెందుకు బిడ్డా ఈ కష్టం? నువ్వు ఇంట్ల కూసో, నేను సూసుకుంట" అన్నాడు.

"నా మోకాళ్లు మంచిగున్నయి మామా" అన్నాను.

అతను పక్కకు జరిగాడు. ఆ గుంతలు తొక్కకుండా గట్టు చివరిదాకా నడిచాను.