ఫోటో కోసం తెచ్చిన గ్లౌజులు

మాది బీదర్‌ల కెమికల్ డ్రమ్ములు కడిగే కార్ఖానా, నేను అండ్ల సూపర్‌వైజర్‌ని. ఇయ్యాల పొద్దుగాల మా సేట్ దగ్గరికి వకీల్ వచ్చిండు. రేపు పనోళ్ళకు ఏమన్న అయితే కేసు మీ మెడకు చుట్టుకుంటది, వాళ్ళకు గ్లౌజులిచ్చినట్టు సబూత్‌గ ఒక ఫోటో ఉంచుకోన్రి అని చెప్పి పోయిండు. సేట్ ఎంటనే గ్లౌజులు తెప్పిచ్చిండు. అందరు తొడుక్కొని వరుసగ నిలబడ్డరు. ఫోటో నేనే తీసిన.

ఫోటో అయిపోంగనే గ్లౌజులన్ని తీసుకొని అలమారల పెట్టుమన్నడు సేట్. జనవాడ నుంచి వచ్చే దీనమ్మక్క మాత్రం తనయి విప్పలే.

"సేట్, చేతులు మండుతున్నయి. ఇయి నా తాన్నే ఉండనీయున్రి" అన్నది.

"ఖరాబైతే మళ్ళ ఫోటో ఎట్ల దిగుతవమ్మా?" అన్నడు సేట్. మజాక్ కాదు, నిజంగనే అడిగిండు.

అక్క గ్లౌజులు విప్పి నా చేతుల పెట్టి, ఉత్త చేతులతోనే డ్రమ్ము కడగవోయింది. అలమారకు తాళం ఏసింది గూడ నేనే.

పొద్దుమీకి ఫోటోకు ఫ్రేము కట్టిచ్చి గేటు కాడ తగిలిచ్చిన్రు. మీ పని కాడ గూడ ఫోటో కోసమే బయటికొచ్చేటియి ఉంటే చెప్పున్రి. మా కార్ఖానల మాత్రం ఇయ్యాల గ్లౌజులకు ఏం కాలే.