సూర్యుడి మీదకు నెట్టేశాను

ఈ రోజు ఆరాధనకు ముందు చర్చి వరండాలో సౌర తుఫాన్ల గురించి దంచేశాను. పెద్దదొస్తే గ్రిడ్డే కుప్పకూలుతుందని, కరెంటు వారాల తరబడి రాకపోతే జనరేటర్లకు డీజిల్ కూడా దొరకదని భయపెట్టి, "మన చర్చి జనరేటర్ సంగతి నేను చూసుకుంటాను" అని అభయం కూడా ఇచ్చాను.

పాస్టరు గారి ప్రసంగం మధ్యలో మామూలు కరెంటే పోయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు. దాని బ్యాటరీ పొద్దున్నే ఊడదీసి నా ట్రాక్టరుకు బిగించాను. ఆ ట్రాక్టరేమో చెరకు లోడుతో ఫ్యాక్టరీ గేటు దగ్గర లైన్లో ఉంది.

ముందు వరసలో కూర్చున్న ఒక మామ్మ చెమట తుడుచుకుంటూ, "ఏటి బాబూ, ఆ సూర్యుడి తుఫానొచ్చేసిందేటి?" అని అడిగింది.

అందరూ నావైపే చూస్తున్నారు. "అదే అయ్యుంటాది మామ్మా" అనేశాను.

పాపం, ఆవిడ వెంటనే మోకరించి మా ఊరు చోడవరాన్ని కాపాడమని ప్రార్థన మొదలుపెట్టింది. అందరితోపాటు నేనూ "ఆమేన్" అన్నాను.

సాయంత్రం బ్యాటరీ తిరిగి పెట్టేశాను. మామ్మ దగ్గరికి వెళ్లి నిజం చెప్పడానికే మొహం చెల్లడం లేదు. మీరైతే ఏమని మొదలుపెడతారు?