అరువు తెచ్చిన నెమరు

పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనికి కుదిరిన కొత్తలో, సెలవురోజున గుమ్మడిదల దగ్గర అక్క ఊరికి వెళ్లాను. వాకిట్లో బర్రె మోర వేలాడేసి నిలబడింది. ఎడమ డొక్క ఉబ్బి బిగిసిపోయింది. పొద్దుటి నుంచి నెమరు లేదట. అక్క గుంజ చుట్టూ తిరుగుతూనే ఉంది. బావ గడప దాకా పోవడం, వెనక్కి రావడం.

పాలు చిక్కబడాలని ముందురోజు ఆయనే ఉడికించిన జొన్నల్లో బెల్లం కలిపి గంపెడు పెట్టాడు. గడ్డి తప్ప ఎరగని బర్రెకు!

"పెండ్లినాడు బామ్మర్దికి గిట్ల కొసరి పెట్టినవా బావా?" అన్నాను.

"నోర్ముయ్‌రా. అసలే పరేషాన్ల ఉన్న."

పశువుల డాక్టరు వచ్చి తినే సోడా నీళ్లు తాగించాడు. గడ్డిని పులియబెట్టి అరిగించే కంటికి కనబడని పురుగులు పొట్టలో ఉంటాయట. జొన్నలకు పొట్ట పుల్లబడి అవి చచ్చాయట. ఆరోగ్యంగా ఉన్న మరో బర్రె నోట్లోంచి నెమరుముద్ద తీసి తాపమన్నాడు. సాయంత్రానికి నెమరు వేయకుంటే ఆశ వదులుకోమన్నాడు. బడి మధ్యలో మానేసిన నాకూ అర్థమైంది: ఫ్యాక్టరీ నిలబడే ఉంది, కూలీలే లేరు.

ఊరి పశువులన్నీ మేతకు పోయాయి. ఇంటిపట్టున ఉన్నది గోడ అవతల అక్క తోటికోడలి బర్రె ఒక్కటే. కల్లం దగ్గర వడ్ల కొలతల మీద కొట్లాట అయినప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. కానీ ఎంత పగ ఉన్నా, పాలలోకి తోడు అడిగితే లేదనరు ఆ ఊళ్లో. అక్క గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి పోయింది.

"అక్కా, జెర తోడు కావాలె."

"పాలకా?"

"బర్రెకు."

ఆమె గోడ మీంచి తొంగిచూసింది. తన బర్రె ముక్కుతాడు బిగబట్టి, నోట్లో చెయ్యి పెట్టి పచ్చటి ముద్ద లాగింది.

"పట్టు. మళ్ల జొన్నలు పెడితే నీ మొగణ్ణే గుంజకు కట్టేస్తనని చెప్పు."

ముద్దను నీళ్లలో కలిపి గొట్టంతో పోశాం. ఆమె కూడా వచ్చి నిలబడింది. పొద్దు వాలుతోంది. నా బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"కదిలింది సూడు దవడ!" అంది తోటికోడలు.

"ఏడ కదిలింది? ఈగను కొట్టుకుంటున్నది."

"నీ కండ్లకు ఎప్పుడు కనవడ్డదే!"

"కల్లం కాడ నీకు కనవడ్డట్టేనా?"

ఇగ మొదలైంది అనుకున్నాను. అంతలో బర్రె గొంతులో ఏదో పైకి పాకింది. దవడ పక్కకు తిరిగింది, మళ్లీ తిరిగింది. ఆ వాకిట్లో నోరు ఆడించేది ఇక అదొక్కటే.