బుడ్డోడుగారి మోకాళ్ళు

మా నాటక కంపెనీ యజమానిని అందరూ బుడ్డోడుగారు అంటారు. మనిషి మాత్రం ఏ గుమ్మంలోనైనా తల వంచుకుని దూరాల్సినంత పొడుగు. జుట్టు సగం పైగా నెరిసింది. కొత్తగా చేరిన నటులు ఆ పేరు పలకడానికి కొన్నాళ్ళు నీళ్ళు నములుతారు. ఆ తర్వాత వాళ్ళే "బుడ్డోడుగారూ, ఫ్యాను తిరగట్లేదండీ" అని గొంతెత్తి పిలుస్తారు.

నేను బడి మధ్యలో మానేసి మా పిన్ని దగ్గర కుట్టుపనికి చేరినప్పుడు నాకు వింతగా తోచింది ఆయన పేరు కాదు, ఆయన ప్యాంట్లు. వేషాల బట్టలతో పాటు అవి కూడా ఇస్త్రీకి మా గదికే వస్తాయి. ఏ ప్యాంటు తీసినా మోకాళ్ళ దగ్గర గుడ్డ సాగిపోయి, లోపల రెండు ఉల్లిపాయలు దాచినట్టు ఉబ్బి ఉంటుంది. నీళ్ళు చల్లి ఎంత నొక్కినా ఆ ఉబ్బు పోదు.

"ఈయన ఎప్పుడూ కూర్చునే ఉంటారా పిన్నీ?"

"కూర్చోవడమా! ఆ మనిషి కూర్చోగా ఎవరు చూశారే? కూర్చున్నాడంటే ఎవరికో మూడిందన్నమాటే."

పిన్ని అన్నది స్టూలు సంగతి. ఎవరినైనా వేషం నుంచి తప్పించాలంటే ఆయన కబురు పెట్టరు, ఇంకొకరి చేత చెప్పించరు. స్టూలు లాక్కుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా ఎదురుగా కూర్చుని తానే చెబుతారు. అందుకే స్టూలు కాళ్ళు చెక్క మీద గీరుకున్న చప్పుడైతే చాలు, పెద్ద పెద్ద నటులు కూడా ఉన్నచోటే ఆగిపోతారు. ముసలి వేషాలన్నీ కట్టే నటుణ్ణి మేం తాత అంటాం. ఆయన ఒకసారి ఆ స్టూలుని అటక మీద దాచేసి, "ఇక నా ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నాడు. బుడ్డోడుగారు రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చోబోతుంటే, మళ్ళీ తాతే పరిగెత్తుకెళ్ళి స్టూలు దించి తెచ్చాడు.

మా గది తలుపు వేదిక పక్కకు తెరుచుకుంటుంది. గుండీలు కుడుతూ నేను చూస్తుండేదాన్ని. నాటకం నడుస్తున్నంతసేపూ ఆయన తెర పక్కన, అడ్డదూలం కింద నిలబడతారు. నిలబడినా మోకాళ్ళు కాస్త వంగే ఉంటాయి, కూర్చోబోయి ఆ సంగతి మరిచిపోయిన మనిషిలాగా. నొప్పులేమో అనుకుందామంటే మెట్లు కుర్రాడిలా ఎక్కేస్తారు. మరెందుకు?

పిన్నికి మోకాళ్ళ సంగతి తెలియదు. మిగతాది తెలుసు. అప్పట్లో ఈ కుట్టుమిషను మా అమ్మమ్మది. పిన్ని దాని కింద గుడ్డముక్కలతో ఆడుకునే పిల్ల. ఈ కంపెనీకి పేరు తెచ్చిన నాటకం ఒకటుంది. వీధి దీపాలు వెలిగించే ముసలాయన, అతని మనవడు బుడ్డోడు. వాడు చనిపోయిన తండ్రి కోటు తొడుక్కుని తిరుగుతాడు. అది నేల దాకా ఉంటుంది. చివర్లో ముసలాయన వాణ్ణి ఎత్తుకుంటే వాడు దీపం వెలిగిస్తాడు. జనం కళ్ళు తుడుచుకుంటూ లేస్తారు. ఆ బుడ్డోడి వేషం, మాట సరిగా తిరగని వయసు నుంచీ, ఈయనదే.

"ఒకరోజు పొద్దున్నే ఈ గదిలోకొచ్చాడు," అంది పిన్ని. "అమ్మ ఇంకో పిల్లాడికి ఆ కోటు తొడిగి కొలత చూస్తోంది. నోటినిండా గుండుసూదులు. ఏం చెప్తుంది? ఈయన చూశాడు, వెళ్ళిపోయాడు. అప్పటిదాకా ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదే."

"ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడికెళ్తాడు? తెర తాడు దగ్గరికి. ఇంకేం తెలుసు ఆ పిల్లాడికి?"

అలా తెర లాగారు. కొత్త పిల్లాడు మాట మరిచిపోతే పక్క నుంచి అందించారు. టిక్కెట్లు చింపారు, పోస్టర్లు అంటించారు, ఊరూరా తిరిగి హాళ్ళు కుదిర్చారు, అలిగి వెళ్ళిపోయిన నటుల్ని బతిమాలి తెచ్చారు. పాత యజమాని విసిగిపోయి తాళాలు బల్ల మీద పడేసిన రోజున వాటి కోసం చేయి చాచింది ఈయనొక్కరే. అప్పటి నుంచి ఇక్కడ ఏ నాటకం వేయాలన్నా, ఎవరికి ఏ వేషమన్నా ఆయన మాటే.

నేను చేరాక ఆ దీపాల నాటకాన్ని ఆయన మళ్ళీ వేయించారు. పాత కోటు చివికిపోతే పిన్ని అదే కొలతకి ఇంకోటి కుట్టింది. బుడ్డోడి వేషం టిక్కెట్లమ్మే ఆవిడ కూతురికి ఇచ్చారు. ఆ పిల్లని మేమంతా మిరపకాయ అంటాం. హాలు నిండింది. నిండుతూనే ఉంది. ఆ పిల్లకి ఆ వేషమంటే ప్రాణం. విప్పిన కోటుని మా చేతికి ఇవ్వకుండా తానే చిలక్కొయ్యకి తగిలించేది.

"ఇది నాదే కదక్కా?" అని అడిగేది, రోజూ.

పిల్ల పెరుగుతోందని అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పి అనరు. పిన్ని కోటు చేతులు పొడిగించింది. తాత నడుం పట్టుకుని మూలిగేవాడు.

"ఈ మధ్య ఇటుకలు తింటున్నావా ఏంటే?"

"నీకే సత్తువ తగ్గింది తాతా."

"నాకింకా అరవై నిండలేదే!"

నన్ను తికమక పెట్టింది ఆ కోటు అంచు. చేతులు పొట్టివవుతున్నాయంటే అంచు కూడా పైకి రావాలి కదా. గదిలో నిలబెట్టి చూస్తే పైనే ఉంటుంది. ఆట అయ్యాక చూస్తే మాత్రం అంచు చుట్టూ మునుపటి కంటే ఎక్కువ మురికి, వేదిక దుమ్మంతా అదే ఊడ్చినట్టు. గదిలో ఒక పొడుగు, వేదిక మీద ఇంకో పొడుగు!

కోటు ఒళ్ళో పెట్టుకుని దులుపుతుంటే బుడ్డోడుగారు ఏదో పని మీద గదిలోకి వచ్చారు. ఆయనతో నేను నోరు విప్పిందే తక్కువ. అయినా ఉండబట్టలేక అడిగేశాను.

"చేతులు పెరుగుతూ కాళ్ళు తగ్గుతాయాండీ?"

ఆయన కోటు తీసుకుని అంచుని వెలుతురుకి పట్టి చూశారు.

"ఈ మురికి నాకు తెలుసు," అన్నారు. "లోపల మోకాళ్ళు వంచి నడుస్తోంది. నేనూ అదే చేశా. పెరగడం ఎవరికీ కనపడకపోతే వేషం పోదనుకున్నా. వేషం పోనే పోయింది. ఇవేమో ఇలాగే ఉండిపోయాయి." మాట వినని దూడని తట్టినట్టు మోకాలి మీద తట్టుకున్నారు.

పిన్ని మిషను ఆపింది. "అయితే పిల్లని తీసేస్తారా?"

ఆయన కోటు నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం రిహార్సల్లో స్టూలు గీరుకుంది. సూది గుడ్డకే వదిలేసి తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆయన మిరపకాయ ఎదురుగా కూర్చుని ఉన్నారు. తాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎవరో పోయినట్టు. టిక్కెట్ల ఆవిడ గోడకి ఆనుకుపోయింది.

"నిలబడు," అన్నారాయన.

"నిలబడే ఉన్నా కదా సార్."

"సరిగ్గా."

"నేనింతే సార్."

"నా దగ్గరా ఆ విద్యలు? అది కనిపెట్టిందే నేను."

కోటు మెల్లగా పైకి లేచింది. దాని కింద ముందు బూట్లు కనపడ్డాయి, తర్వాత మేజోళ్ళు, ఆ పైన పిక్కలు. వెనకనుంచి ఎవరో "అమ్మో" అన్నారు.

"తీసేస్తారు, అంతేగా! నా కోటు ఇంకెవరికో తొడిగేస్తారు!" అని పిల్ల ఏడుపు లంకించుకుంది.

సెట్లు చేసే వడ్రంగి ముందుకొచ్చాడు. "నాకొదిలేయండి బుడ్డోడుగారూ. దీపస్తంభం జానెడు పెంచుతా, గుమ్మం ఇంకో జానెడు లేపుతా. పిల్ల మళ్ళీ చిన్నపిల్లయిపోతుంది."

"మరి నా నడుమో?" అన్నాడు తాత. "దానికీ చెక్కలు కొడతావా?"

బుడ్డోడుగారు నవ్వలేదు. స్తంభం వంక చూశారు. పిల్ల వంక చూశారు.

"స్తంభాన్ని ముట్టుకోవద్దు," అన్నారు. "ఏయ్ మిరపకాయ్, ఏడుపాపి ఆ దీపం అందుకో."

"తాత ఎత్తుకోవాలి కదా?"

"తాతని వదిలెయ్. నువ్వే."

పిల్ల ముక్కు తుడుచుకుని వెళ్ళి, స్తంభం పక్కన మునివేళ్ళ మీద లేచింది. వేళ్ళు దీపానికి తగిలాయి. అలవాటు కొద్దీ ఎత్తుకోవడానికి చేతులు చాచిన తాత వాటినేం చేసుకోవాలో తోచక అలాగే నిలబడిపోయాడు.

"అదే. రేపటి ఆటలో అలాగే చేయండి, ఇద్దరూ," అన్నారు బుడ్డోడుగారు.

పిన్ని ఊరుకోలేదు. "జనం వచ్చేదే ఎత్తుకోవడం చూద్దామని. నవ్వితే?"

"నవ్వితే మళ్ళీ స్టూలు లాక్కుంటా," అన్నారాయన. ఆ మాట పిల్ల కూడా విన్నది.

మర్నాడు హాలు నిండింది. నేను తలుపు పక్కన, ఆయన తన దూలం కింద. కోటు అంచు నేలకి తగలకుండా పిల్ల నిటారుగా నడిచింది. చివరి ఘట్టం వచ్చింది. ముసలాయన ఎత్తుకుందామని చేతులు చాచాడు. అప్పటికే మనవడు మునివేళ్ళ మీద లేచాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల చేయి ఒక్క క్షణం ఆగింది. అయినా దించలేదు. దీపం వెలిగింది. ఆ వెలుతురు సరాసరి ముసలాయన ఖాళీ చేతుల మీద పడింది. నవ్విన గొంతు మళ్ళీ వినపడలేదు. ఆ తర్వాత చప్పట్లు.

వాటి మధ్యలోనే నా పక్కన ఠంగుమని ఇంకో చప్పుడైంది. చూస్తే బుడ్డోడుగారు తల పట్టుకుని ఉన్నారు. పిల్లతో పాటు ఆయన కూడా లేచారు కాబోలు, దూలం తగిలింది.

"ఇన్నేళ్ళుగా అక్కడే నిలబడతారు, ఎన్నడూ తగల్లేదే!" అన్నాడు వడ్రంగి.

తడిగుడ్డ అద్దుతూ పిన్ని అడిగింది, "వచ్చే ఏడాదికి ఇంకా పెరుగుతుంది కదండీ?"

"పెరగనీ. వచ్చే ఏడాది తాతని ఆ పిల్లే ఎత్తుకుంటుంది."

ఇస్త్రీ బట్టలు వచ్చిన రోజు ముందు ఆయన ప్యాంటే తీసి చూశాను. ఉల్లిపాయలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కోటు అంచుకి మాత్రం బ్రష్షుతో పని పడలేదు.