కొల్లేటి గట్టు మీద నలభై మీటర్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే గాజు దారాలు అతుకుతానని చెబుతాను. ఎవరూ నమ్మరు. ఇంటర్నెట్ వచ్చే కేబుల్ లోపల ఉండేది గాజే. తల వెంట్రుక కన్నా కాస్త లావుంటుంది. దాని నడిమధ్య వెలుగు నడిచే దారి మాత్రం తొమ్మిదే మైక్రాన్లు. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క మైక్రాను. ఆ దారిలో పోయే వెలుగు అల పొడవు చెప్పాలంటే మైక్రానుని మళ్లీ వెయ్యి ముక్కలు చెయ్యాలి, అవి నానోమీటర్లు. ఇంత సన్న దారం ఏలూరులో బయల్దేరి కొల్లేటి లంకల దాకా కిలోమీటర్ల కొద్దీ వెళుతుంది. పొద్దున్న నానోలతో మొదలుపెట్టి మధ్యాహ్నానికి కిలోమీటర్లలో తేలే ఉద్యోగం ఇంకోటి ఉంటే చూపించండి. ఇరవై ఏళ్లుగా చేస్తున్నా నాకీ వింత తీరలేదు.

మొన్నటి వానాకాలంలో ఒక రాత్రి కుండపోతగా కురిసి, చేపల చెరువుల పక్కనున్న రోడ్డు గట్టు చాలాచోట్ల జారింది. ఒక లంక ఊరికి లైను పోయింది. ఆ ఊరి సెల్ టవర్ కూడా అదే దారం మీద బతుకుతోంది కాబట్టి ఫోన్లలో మాటా లేదు, నెట్టూ లేదు.

తెల్లారగానే ఏలూరు ఆఫీసులో టెస్టింగ్ మిషను పెట్టాను. అది దారంలోకి వెలుగు వదులుతుంది. తెగిన చోట తగిలి వెలుగు వెనక్కి రావడానికి పట్టిన టైముని బట్టి దూరం చెబుతుంది. ఇరవై మూడు కిలోమీటర్ల నాలుగు వందల పదహారు మీటర్లు అంది. మ్యాపులో ఆ చోటు గుర్తు పెట్టుకుని, ఇద్దరు కూలీలతో జీపులో వెళ్లాను. మమ్మల్ని దింపేసి జీపు ఇంకో లైను మీదకి పోయింది.

మేం గునపాలు దించుతుండగానే ఒక అమ్మాయి వచ్చింది. ఆ ఊరిదే, ఇంటర్ అయిపోయింది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆ సాయంత్రం ఆరింటితో గడువు అయిపోతుందట. ముప్పై కాలేజీలు వరసగా రాసుకున్న కాగితం చేతిలో ఉంది. గట్టు జారడం వల్ల ఆ రోజుకి ఏలూరు బస్సు ఒక్కటే, పదింటికి.

"బస్సెక్కి వెళ్లిపోమంటారా బాబాయ్ గారూ, లైను వచ్చేస్తుందంటారా?" అని అడిగింది.

"ఎందుకమ్మా శ్రమ. పన్నెండింటికల్లా ఇచ్చేస్తాను," అన్నాను.

మీటరు తేడా లేకుండా చెప్పే మిషను నా చేతిలో ఉంది మరి. బస్సు మా ముందు నుంచే వెళ్లింది. ఆ పిల్ల ఎక్కలేదు.

కూలీలు తవ్వుతున్నంతసేపూ పక్కన కూర్చుని ఒకటే ప్రశ్నలు. వెలుగు ఆ దారిలోంచి పక్కకి ఎందుకు పోదు, మలుపుల్లో ఏమవుతుంది, తొమ్మిది మైక్రాన్లని ఎవరు ఎలా కొలిచారు. సగం వాటికి నా దగ్గర జవాబు లేదు, అయినా గంభీరంగా చెప్పాను. కాసేపటికి కాగితం వెనక్కి తిప్పి లెక్క వేసింది. మైక్రానుని మీటరు చెయ్యాలంటే పది లక్షల రెట్లు పెంచాలి. అలా పెంచితే తొమ్మిది మైక్రాన్ల దారి తొమ్మిది మీటర్ల రోడ్డవుతుంది. పొడవునీ అంతే పెంచితే ఈ ఇరవై మూడు కిలోమీటర్లూ రెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల కిలోమీటర్లవుతాయి. ఆ రోడ్డు మీద చంద్రుడి దాకా ముప్పై సార్లు వెళ్లి రావచ్చునంది. ఇన్నేళ్లలో నాకు తట్టని లెక్క అది. కాస్త అసూయ కూడా వేసింది.

పన్నెండింటికి కేబుల్ బయటపడింది. ఎక్కడా గీత కూడా పడలేదు. మిషను ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ చెప్పి ఉంటుందని ముందుకి తవ్వించాను. అక్కడా బాగానే ఉంది. ఇంకా ముందుకి తవ్వించాను. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. ఆ పిల్ల మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటోంది.

మూడింటికి కేబుల్ తొడుగు మీది బురద తుడిచాను. తొడుగు మీద మీటరు మీటరుకీ అంకెలుంటాయి. మొదటి గుంటలోని అంకె, మ్యాపు ప్రకారం అక్కడ ఉండాల్సిన దానికన్నా నలభై ఎక్కువ ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట, మేం వచ్చిన దారిలో వెనక ఉన్న తూము కట్టేటప్పుడు, ముందు ముందు పనికొస్తుందని నలభై మీటర్ల కేబుల్‌ని అక్కడ గోతిలో చుట్టి పూడ్చింది నేనే. మ్యాపులో తర్వాత రాద్దామనుకున్నాను, మర్చిపోయాను. వెలుగు ఆ చుట్టంతా తిరిగి వచ్చి లెక్క చెబుతోంది. నేను నేల మీద వెతుకుతున్నాను. మైక్రాను తేడా రాకుండా అతుకుతానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, నాలుగు కోట్ల మైక్రాన్లు మర్చిపోయాను.

నలభై మీటర్లు వెనక్కి నడిచి తవ్వించాను. మట్టి జారి బండరాయి కింద పడ్డ కేబుల్ నాలుగున్నరకి దొరికింది. కేబుల్లోని మిగతా దారాలు పక్కన పెట్టి ముందు ఆ ఊరి దారమే పట్టుకున్నాను. కొసలు రెండూ శుభ్రంగా కోసి అతుకుల మిషన్లో పెట్టాలి. తొందరలో మొదటిసారి కోత వంకరపోయింది. మళ్లీ కోశాను. ఐదూ నలభై తొమ్మిదికి వెలుగు దాటింది.

అమ్మాయి గట్టు మీదే నిలబడి ఫోన్లో పెట్టుకుంది. ఏడు కాలేజీలు పెట్టి సేవ్ చేసేసరికి గడువు అయిపోయింది. మిగతా ఇరవై మూడు కాగితం మీదే ఉండిపోయాయి. చెప్పకుండా ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ పొద్దుటి నుంచి నా మాట నమ్మి కూర్చున్న పిల్ల ముందు నోరు మూసుకోలేకపోయాను. ఆ చుట్ట సంగతి అంతా చెప్పాను.

నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"రాసిపెట్టుకోవాల్సిందండి," అంది మెల్లిగా.

ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. తర్వాతి వారమంతా ఆ గట్టు మీద నడిచి, నేను చుట్టిన ప్రతి చుట్టనీ గుర్తు తెచ్చుకుని మ్యాపులో ఎక్కించాను. ఆ పిల్ల నంబరు గట్టు మీదే తీసుకున్నాను. సీట్లు ఇచ్చే రోజు పొద్దుటి నుంచి ఫోను చేతిలోనే ఉంది. చేద్దామా వద్దా అని మధ్యాహ్నం దాకా ఆగి, చేశాను.

"వచ్చిందండి బాబాయ్ గారూ, తాడేపల్లిగూడెంలో," అంది.

ఎన్నో ఆప్షనని అడిగాను.

"ఏడోదండి. ఆరు పెట్టాక చాల్లే అనుకున్నానండి. ఇంకో నిమిషం ఉంది కదా అని అది కూడా పెట్టాను."

అభినందనలు చెప్పి ఫోన్ పెట్టేశాను. సంతోషం కన్నా ముందు భయం వేసింది. ఆ రోజు ఇంకొక్క పార మట్టి ఎక్కువ తియ్యాల్సి వచ్చి ఉంటే, ఆ నిమిషం ఆ పిల్లకి ఉండేది కాదు.